రెండు చప్పుళ్ల నడుమ

2025 జనవరిలో ఒక రాత్రి హైదరాబాద్ మెట్రో రైల్లో ఒక గుండె ప్రయాణం చేసింది. ఎల్బీనగర్‌లో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగింది. 13 కిలోమీటర్లు, 13 నిమిషాలు. ఆ వార్తలో అందరి కళ్లూ వేగం మీదే పడ్డాయి. పడాలి కూడా. ఒంట్లోంచి బయటికి తీసిన గుండెకు మిగిలే గడువు సుమారు నాలుగు గంటలే. నా మనసు మాత్రం ఆ పెట్టె దగ్గరే ఆగిపోయింది. ఐసు నడుమ పడుకున్న గుండె లోపల ఏం చేస్తుంటుంది?

ఏమీ చేయదు. మార్పిడి కోసం తీసే గుండెను ముందుగానే పొటాషియం ఎక్కువగా కలిపిన చల్లటి ద్రావణం ఎక్కించి ఆపేస్తారు. మెదడు నుంచి వచ్చే నరాలన్నీ కోత దగ్గరే తెగిపోతాయి. వాటిని మళ్లీ అతికించరు. కొత్త ఒంట్లో సర్జన్లు కుట్టేది పెద్ద రక్తనాళాలను, గుండె గోడలను మాత్రమే. కుట్లు పూర్తయ్యాక క్లాంపు తీసి వెచ్చటి నెత్తురు వదులుతారు. పొటాషియం కొట్టుకుపోతుంది. కాసేపటికి కండ ఎక్కడో చిన్నగా వణుకుతుంది. మళ్లీ వణుకుతుంది. కొన్ని గుండెలను ఒక షాక్ ఇచ్చి దారిలో పెట్టాలి, కొన్నిటికి అదీ అక్కర్లేదు. ఏ నరమూ తట్టకుండానే, ఏ మెదడూ చెప్పకుండానే లబ్‌డబ్ మొదలవుతుంది.

మన మాటల్లో గుండె ఎప్పుడూ ఎవరికో బదులు పలుకుతూనే ఉంటుంది. చీకట్లో అలికిడైతే గుభేలుమంటుంది. అర్ధరాత్రి ఫోను మోగితే ఝల్లుమంటుంది. ఫలితాల రోజు గుండెల్లో రైళ్లు పరుగెడతాయి. ఈ మాటల్లో అబద్ధం లేదు. కాకపోతే అవన్నీ వేగం గురించిన మాటలు. కొట్టుకోవడమనే పని గుండె సొంతం, అది ఎవరూ నేర్పింది కాదు. బయటివాళ్లు చేయగలిగింది ఒక్కటే: ఒక చప్పుడుకూ తర్వాతి చప్పుడుకూ మధ్య ఉన్న ఎడాన్ని కాస్త సాగదీయడం, లేదా కాస్త కుదించడం. కుదురుగా కూర్చున్న మనిషిలో ఆ ఎడం ముప్పాతిక సెకను అటూ ఇటూ. ఆ ముప్పాతిక సెకనులో జరిగే పని తెలిస్తే, గుండెపోటు పేరుతో మనం చెప్పుకునే కొన్ని మరణాల అసలు కథ కూడా తెలుస్తుంది.

కుదురులేని కణాలు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌లోని కెంట్ పల్లెల్లో ఆర్థర్ కీత్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త, మార్టిన్ ఫ్లాక్ అనే వైద్యవిద్యార్థి కలిసి జంతువుల గుండెలను పలుచటి పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తుండేవారు. ఒకరోజు కీత్ దంపతులు సైకిళ్ల మీద షికారుకు వెళ్లి వచ్చేసరికి, ఫ్లాక్ ఉత్సాహంగా ఎదురొచ్చి ఒక పొరను చూపించాడు. అది మోల్ అనే నేలలో బొరియలు తవ్వుకునే చిన్న జంతువు గుండె. పై నుంచి వచ్చే పెద్ద సిర కుడి కర్ణికలో కలిసే మలుపు దగ్గర, మిగతా కండకు పోలికే లేని కణాల ముడి ఒకటి ఉంది. తర్వాత చూస్తే మనిషి గుండెలోనూ సరిగ్గా అక్కడే ఉంది. 1907లో ఇద్దరూ ఆ సంగతి ప్రచురించారు. అంతకు ఏడాది ముందే జపాన్ నుంచి జర్మనీ వెళ్లిన సునావో తవారా, కర్ణికలకూ జఠరికలకూ మధ్య ఉండే రెండో ముడిని, అక్కడి నుంచి కిందికి పాకే విద్యుత్ దారిని గుర్తించి ఉన్నాడు. ఆ ముగ్గురి పని కలిస్తే గుండెలోని కరెంటు లైను మొత్తం గీసినట్టయింది.

కీత్, ఫ్లాక్‌లు చూసిన ముడినే ఇవాళ సైనస్ నోడ్ అంటున్నాం. వడ్లగింజ కన్నా కాస్త పెద్దది. రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకునే గుండెకు ప్రతిసారీ మొదటి తాకిడి అక్కడే పుడుతుంది.

ఆ కణాల్లో ఉన్న విశేషం వాటి కుదురులేనితనం. గుండెలోని మామూలు కండకణం లోపల, బయటితో పోలిస్తే, మైనస్ 85 మిల్లీవోల్టుల దగ్గర విద్యుత్తు నిలకడగా ఉంటుంది. పక్కకణం తోస్తేనే కదులుతుంది. సైనస్ నోడ్ కణం అలా ఉండలేదు. మైనస్ 60 దగ్గరకు దిగిందో లేదో మళ్లీ మెల్లగా పైకి పాకడం మొదలుపెడుతుంది. మైనస్ 40 దాకా వచ్చేసరికి కాల్షియం తలుపులు ఒక్కసారిగా తెరుచుకుని కణం భగ్గుమంటుంది. ఆ మంట పక్కకణానికీ, దాని పక్కదానికీ అంటుకుని గుండె అంతా ముడుచుకుంటుంది. సన్నటి ధార కింద పెట్టిన కుండ నిండి పొర్లి, మళ్లీ ఖాళీ అయి, మళ్లీ నిండడం మొదలైనట్టు. మనకు వినిపించేది పొర్లిన చప్పుడు. నాడి వేగాన్ని తేల్చేది మాత్రం చప్పుడు లేని ఆ నిండడం.

మరి ఆ ధార ఎక్కడిది? 1979లో ఆక్స్‌ఫర్డ్‌లో హిలరీ బ్రౌన్, డారియో డిఫ్రాన్సెస్కో, సుసాన్ నోబుల్ దానికి జవాబు పట్టుకున్నారు. కణంలోకి ధనావేశాన్ని చేర్చే తలుపులు మామూలుగా కణం ఉద్రేకపడినప్పుడు తెరుచుకుంటాయి. వీళ్లకు దొరికిన తలుపు అందుకు పూర్తిగా ఎదురు. కణం చల్లబడి కిందికి దిగినప్పుడే తెరుచుకుని సోడియాన్ని లోపలికి వదులుతోంది. అంతవరకు తెలిసిన లెక్కకు అది లొంగలేదు కాబట్టి దానికి వింత కరెంటు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. శాస్త్రపత్రాల్లో ఇప్పటికీ అదే పేరు. ఆ తలుపును తయారుచేసే జన్యువుల కుటుంబం 1998లో బయటపడింది. మన సైనస్ నోడ్‌లో ముఖ్యమైనది హెచ్‌సీఎన్4. ఈ ఒక్క జన్యువులో తేడా వచ్చిన కుటుంబాల్లో తరాల తరబడి నాడి నెమ్మదిగా కొట్టుకుంటుంది. ఆ తలుపును కొద్దిగా మూసే ఐవాబ్రడిన్ మాత్ర ఇవాళ గుండె వైఫల్యం ఉన్న రోగుల మందుల కవరులో కనిపిస్తుంది.

ఆ కుండలోకి రెండో ధార కూడా ఉంది, అది కాల్షియానిది. నర్సింగ్‌హోముల్లో స్టాండుకు వేలాడే ఆర్‌ఎల్ సీసాను చూడని వాళ్లుండరు. అందులోని ‘ఆర్’ సిడ్నీ రింగర్. 1880ల్లో లండన్‌లో ఆయన కప్ప గుండెను ఒంటి నుంచి వేరుచేసి ఉప్పునీళ్లలో కొట్టుకునేలా ఉంచగలిగాడు. తర్వాత తెలిసిందేమిటంటే, సహాయకుడు శుద్ధిచేసిన నీళ్లకు బదులు కుళాయి నీళ్లు వాడాడు. శుద్ధిచేసిన నీళ్లతో మళ్లీ చేస్తే గుండె ఆగిపోయింది. లండన్ కుళాయి నీళ్లలో ఉన్న కాస్తంత కాల్షియమే దాన్ని ఆడించింది. ప్రయోగం చెడింది అని పారబోయకుండా, ఎందుకు చెడిందని వెతికిన ఆ ఓపికకు నేను చేతులెత్తి మొక్కుతాను. సైనస్ నోడ్ కణంలోని చిన్నచిన్న కాల్షియం గిడ్డంగులు లయబద్ధంగా చుక్కలు చుక్కలుగా కారుతుంటాయని ఇప్పుడు తెలుసు. కారిన ప్రతి కాల్షియాన్నీ బయటికి నెట్టడానికి కణం మూడు సోడియం అయాన్లను లోపలికి రానిస్తుంది. ఆ బేరంలో ఒక ధనావేశం లోపల మిగులుతుంది, మట్టం ఇంకొంచెం పైకి లేస్తుంది. రెండు ధారల్లో ఏది పెద్దదన్న వాదన శాస్త్రవేత్తల మధ్య ఏళ్లుగా నడుస్తోంది. రెండూ ఒకదానికొకటి చేదోడుగా ఉంటాయన్న మాట మీద మాత్రం పెద్దగా పేచీ లేదు.

కలలో దొరికిన కప్ప

ఇప్పుడు ఎడాన్ని సాగదీసేవాళ్ల దగ్గరికి వద్దాం.

నరం గుండెకు కబురు ఎలా చేరవేస్తుంది? వందేళ్ల కిందట చాలామంది విద్యుత్తుతోనే అనుకున్నారు. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఆటో లోవీకి ఒక రాత్రి కలలో ఒక ప్రయోగం తట్టింది. సగం మెలకువలో చిన్న కాగితం మీద గిలికి పడుకున్నాడు. పొద్దున లేచి చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. మర్నాడు రాత్రి అదే ఆలోచన మళ్లీ వచ్చింది. ఈసారి కాగితాన్ని నమ్మలేదు, మూడు గంటలప్పుడు లేచి తిన్నగా ప్రయోగశాలకు నడిచాడు. రెండు కప్ప గుండెలు తీసుకున్నాడు. మొదటిదానికి మెదడు నుంచి వచ్చే వేగస్ అనే నరం ఉంది, దాన్ని ప్రేరేపిస్తే గుండె నెమ్మదించింది. ఆ గుండెను తడిపిన ద్రవాన్ని రెండో గుండె మీద పోశాడు. ఏ నరమూ తాకని రెండో గుండె కూడా నెమ్మదించింది. తడిపిన ఆ ద్రవం రింగర్ ద్రావణమే.

అంటే కబురు నీళ్లలోకి దిగింది. నరం చివర ఒక పదార్థం ఊరుతోంది. అది అసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. 1921లో అచ్చయిన ఆ ప్రయోగానికి 1936లో హెన్రీ డేల్‌తో కలిపి నోబెల్ బహుమతి దక్కింది. రెండేళ్లకే ఆస్ట్రియాను నాజీలు ఆక్రమించారు. యూదుడైన లోవీని జైల్లో పెట్టారు. దేశం దాటనివ్వడానికి ముందు ఆ బహుమతి సొమ్మును తమ చేతికింది బ్యాంకుకు రాయించుకున్నారు.

అసిటైల్‌కోలిన్ చేసే పని చాలా సూటిగా ఉంటుంది. కణం మీది గ్రాహకాన్ని తాకుతుంది. దానికి ఆనుకుని ఉన్న జీ ప్రోటీన్ రెండుగా విడిపోతుంది. ఒక ముక్క పొరలోనే జరుగుతూ పోయి పక్కనున్న పొటాషియం తలుపును తెరుస్తుంది. పొటాషియం బయటికి పోతుంది, కుండకు చిల్లు పడ్డట్టు మట్టం తగ్గుతుంది, నిండడానికి ఎక్కువసేపు పడుతుంది. మధ్యలో దళారులు లేరు. అందుకే వేగస్ మాట ఒక్క చప్పుడు తేడాలోనే అందుతుంది. ఇంజెక్షన్ సూది చూసి కళ్లు తిరిగి పడిపోయేవాళ్లలో ఆ నరం హఠాత్తుగా చెలరేగడం ఒక కారణం.

మీరే చూడొచ్చు. మణికట్టు మీద నాడి దగ్గర వేలు పెట్టి నిదానంగా, నిండుగా ఊపిరి పీల్చండి, అంతే నిదానంగా వదలండి. పీల్చినప్పుడు నాడి కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా నడుస్తుంది. కుర్రవాళ్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది. ప్రతి ఊపిరికీ వేగస్ పట్టు బిగించి సడలించడమే అది. ఆరోగ్యమైన గుండె గోడగడియారంలా సమానంగా కొట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దాని ఎడాలు ఎప్పుడూ కొంచెం కొంచెం మారుతూనే ఉండాలి.

వేగం పెంచే దారి ఇంత దగ్గరిది కాదు. నరాల చివర్ల నుంచి నారడ్రినలిన్, మూత్రపిండాల మీది గ్రంథుల నుంచి అడ్రినలిన్ వచ్చి బీటా గ్రాహకాన్ని తాకుతాయి. జీ ప్రోటీన్ మేలుకుంటుంది, అది అడినైల్ సైక్లేజ్ అనే ఎంజైమును లేపుతుంది, ఆ ఎంజైము కణానికి శక్తినిచ్చే ఏటీపీని తీసుకుని దాన్ని ఉంగరంలా చుట్టి సైక్లిక్ ఏఎంపీగా మారుస్తుంది. ఒక్క గ్రాహకం తాకితే లోపల ఎన్నో ఉంగరాలు తయారవుతాయి. అవి వెళ్లి ఆ వింత తలుపు తోకకు నేరుగా అతుక్కుంటాయి. తలుపు ఇంకా సులువుగా తెరుచుకుంటుంది. కాల్షియం గిడ్డంగులను కూడా వేరే దారిన తొందరపెడతాయి. రెండు ధారలూ లావవుతాయి, కుండ త్వరగా నిండుతుంది. ఇన్ని చేతులు మారాలి కాబట్టి దీనికి కొన్ని సెకన్లు పడుతుంది. తృటిలో తప్పిన లారీ దాటిపోయాక, మనం రోడ్డు పక్కన నిలబడ్డాక, అప్పుడు మొదలయ్యే గుండెదడ ఇదే. సైక్లిక్ ఏఎంపీని 1950ల చివర్లో అమెరికాలో ఎర్ల్ సదర్లాండ్ కనిపెట్టాడు, 1971లో నోబెల్ వచ్చింది.

ఆ ఉంగరానికి ముడిసరుకైన ఏటీపీ దగ్గర తెలుగువాడికి ఒక క్షణం ఆగాలనిపిస్తుంది. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఏటీపీని కండరాల నుంచి వేరుచేసి చూపింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. కండకు శక్తినిచ్చే పదార్థం కోసం ఆ వెతుకులాట. అదే పదార్థం కబురుగా కూడా మారుతుందన్న సంగతి బయటపడేనాటికి సుబ్బారావు లేరు. 1948లోనే వెళ్లిపోయారు.

1929లోనే ఇంకో సంగతి జరిగింది. ఇంగ్లండ్‌లో డ్రూరీ, సెంట్ గ్యోర్గీ అనే ఇద్దరు అడినోసిన్ గుండెను నెమ్మదింపజేస్తుందని గమనించారు. ఏటీపీలోంచి మూడు ఫాస్ఫేట్లూ రాలిపోతే మిగిలే మొండెమే అడినోసిన్. ఇవాళ గుండె ఉన్నట్టుండి నిమిషానికి 180, 200 సార్లు కొట్టుకుంటూ అత్యవసర విభాగానికి వచ్చినవాళ్లలో చాలామందికి సిరలోకి గబుక్కున ఎక్కించే మందు అదే. తవారా కనిపెట్టిన ఆ రెండో ముడిని అది కాసేపు మూసేస్తుంది. తెర మీద గీత కొన్ని సెకన్లపాటు చదునుగా సాగుతుంది. ప్రాణం పోతోందన్న భయం ఆ కొద్ది సెకన్లలో రోగిని చుట్టుముడుతుంది. ఆ తర్వాత మామూలు లయ మొదలవుతుంది. పది సెకన్లలోపే నెత్తుట్లో మందు సగానికి సగం మాయమైపోతుంది కాబట్టి ఇంత సాహసం సాధ్యమైంది. అప్పుడే కాఫీ తాగి వచ్చినవాళ్లలో మందు సరిగ్గా పట్టకపోవచ్చు, ఎందుకంటే అడినోసిన్ కూర్చోవాల్సిన పీట మీద కెఫీన్ ముందే కూర్చుని ఉంటుంది.

మూర్ఛ అనుకున్నది మూర్ఛ కాదు

1957లో నార్వేలో జెర్వెల్, లాంగే నీల్సన్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక కుటుంబం గురించి రాశారు. ఆరుగురు పిల్లలు. నలుగురు పుట్టుచెవిటివాళ్లు. ఆ నలుగురూ ఉన్నట్టుండి సొమ్మసిల్లి పడిపోయేవారు. ముగ్గురు చిన్న వయసులోనే హఠాత్తుగా చనిపోయారు. ఈసీజీలో ఒకే ఒక్క తేడా కనిపించింది: గుండె ముడుచుకున్నాక మళ్లీ తేరుకోవడానికి పట్టే సమయం, క్యూ నుంచి టీ దాకా ఉండే ఆ ఎడం, ఉండాల్సినదానికన్నా ఎక్కువగా సాగి ఉంది.

చెవికీ గుండెకూ ఏమిటి సంబంధం? జవాబు జన్యువులు చదవడం వచ్చాకే దొరికింది. 1995, 96లలో అమెరికాలోని యూటాలో మార్క్ కీటింగ్ బృందం లాంగ్ క్యూటీ జబ్బుకు కారణమైన జన్యువులను వరుసగా పట్టుకుంది. వాటిలో కేసీఎన్‌క్యూ1 ఒకటి. అది చేసే పొటాషియం తలుపు గుండెకణం తేరుకోవడానికి కావాలి, లోపలి చెవిలోని ద్రవంలోకి పొటాషియం చేరడానికీ కావాలి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడితే చెవీ పోతుంది, గుండె లయా పోతుంది. ఒక్కటే చెడితే చెవి బాగానే ఉంటుంది, గుండెకు మాత్రం ముప్పు మిగులుతుంది.

ఇక్కడ కబురు తెచ్చే అణువూ జన్యువూ ఒకే చోట కలుస్తాయి. పరుగెత్తినప్పుడు అడ్రినలిన్ చప్పుళ్ల మధ్య ఎడాన్ని కుదిస్తుందని చూశాం. గుండె త్వరత్వరగా కొట్టుకోవాలంటే త్వరత్వరగా తేరుకోవాలి కూడా. అందుకని అదే సైక్లిక్ ఏఎంపీ దారిలో అడ్రినలిన్ ఈ పొటాషియం తలుపునూ ఇంకా తెరిపిస్తుంది. తలుపు చెడిన బిడ్డలో చప్పుళ్లు దగ్గరపడతాయి, తేరుకోవడం మాత్రం దగ్గరపడదు. పూర్తిగా తేరుకోని కండ మీద తర్వాతి తాకిడి పడుతుంది. లయ చెదిరి జఠరికలు వణకడం మొదలుపెడతాయి, మెదడుకు నెత్తురు అందదు, బిడ్డ కుప్పకూలుతుంది. ఈ రకంలో ప్రమాదం ఎక్కువగా ఆటల్లో, ముఖ్యంగా ఈతలో వస్తుంది. హెర్గ్ అనే ఇంకో జన్యువు చెడిన రకంలో ఉలిక్కిపడటమే ముప్పు: అలారం, ఫోను రింగు. సోడియం తలుపు జన్యువు ఎస్‌సీఎన్5ఏ చెడిన మూడో రకంలో నిద్రలో, విశ్రాంతిలో. ఏ జన్యువు చెడిందో తెలిస్తే ఏ గడియకు భయపడాలో తెలుస్తుంది.

లాంగ్ క్యూటీ సుమారు రెండు వేలమందిలో ఒకరికి ఉంటుందని అంచనా. వీళ్లలో చాలామంది మొదట మూర్ఛరోగులుగా ముద్రపడతారు. పడిపోయాడు, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు, తేరుకున్నాడు. మూర్ఛ మాత్రలు రాస్తారు. గుండె వైపు ఎవరూ చూడరు. ఈత వచ్చిన పిల్లవాడు చెరువులో మునిగి చనిపోతే ఊరంతా చెరువు గురించి మాట్లాడుకుంటుంది. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. ఆటలో సొమ్మసిల్లిన పిల్లలకు, పుట్టుచెవుడు ఉన్న పిల్లలకు, ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా కారణం తెలియకుండా పోయిన కుటుంబాలకు కనీసం ఒక ఈసీజీ తీయించాలి. మేనరికాలు ఇంకా వదలని మన ఇళ్లలో చెడిన ప్రతులు రెండూ ఒకే బిడ్డలో కలిసే అవకాశం మిగతాచోట్ల కన్నా ఎక్కువ. మందు కూడా కొత్తది కాదు. జేమ్స్ బ్లాక్ 1960ల్లో తయారుచేసిన ప్రొప్రనొలాల్, దాని కోవకు చెందిన బీటా బ్లాకర్లు. అడ్రినలిన్ కూర్చునే పీటను అవి ముందే ఆక్రమిస్తాయి. కొందరికి ఛాతీలో అమర్చే యంత్రం కావాల్సి వస్తుంది. చాలామందికి రోజూ వేసుకునే ఆ మాత్రే కాపు.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధకులు పాలుపంచుకున్న 2009 నాటి అధ్యయనం ఒకటి ఇంకో జన్యువును మన ముందు పెట్టింది. గుండె కండను అల్లే ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు లోపించడం భారతీయుల్లో సుమారు 4 శాతం మందిలో కనిపించింది. ఇది కండకు సంబంధించింది, నేరుగా లయది కాదు. అయితే కండ జబ్బుపడితే దాని మీదుగా నడిచే కరెంటూ దారి తప్పుతుంది. ఆ లోపం ఉన్నంతమాత్రాన జబ్బు వచ్చితీరుతుందని కాదు.

ఎవరు నోడ్ కావాలి

గర్భంలో సుమారు 22వ రోజున, బిడ్డకు ఇంకా ముఖమైనా ఏర్పడకముందే, గొట్టంలాంటి గుండె మొదటిసారి కదులుతుంది. ఆ గొట్టంలో అన్ని కణాలకూ కుదురులేని గుణం ఎంతో కొంత ఉంటుంది. తర్వాత కొన్ని జన్యువులు హద్దులు గీస్తాయి. కుడివైపు మూలలో షాక్స్2, టీబీఎక్స్3, టీబీఎక్స్18 లాంటివి ఆ కణాలు పనిచేసే కండగా మారిపోకుండా కాపాడతాయి. ఎడమవైపు పిట్‌ఎక్స్2 అనే జన్యువు ఇంకో నోడ్ పుట్టకుండా కాపలా కాస్తుంది. 2007లో ఐస్‌లాండ్ పరిశోధకులు కర్ణికలు అడ్డదిడ్డంగా వణికే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్ల జన్యువులను వెతికితే, నాలుగో క్రోమోజోములో సరిగ్గా ఆ పిట్‌ఎక్స్2 పక్కనే తేడా కనిపించింది. పిండంలో గీసిన గీత అరవై ఏళ్లు దాటిన గుండెలో కూడా లెక్కలోకి వస్తుందన్నమాట.

గీతను మళ్లీ గీయొచ్చా? 2014లో లాస్ ఏంజెలెస్‌లో ఎడ్వర్డో మార్బన్ బృందం పందుల గుండెల్లోకి, మిరియపు గింజంత చోటులోకి, టీబీఎక్స్18 జన్యువును పంపింది. మామూలు కండకణాలు నోడ్ కణాల్లా ప్రవర్తించి కొన్ని రోజులపాటు గుండెను నడిపాయి. మనుషుల్లో లోహపు పేస్‌మేకర్‌కు అది బదులుగా రావాలంటే ఇంకా చాలా దూరం ఉంది. ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్నే మొదటి అడ్డంకి.

మార్పిడి గుండె దగ్గరికి తిరిగి వస్తే, ఆ గుండెకు నోడ్ ఉంది, రెండు ధారలూ ఉన్నాయి, జన్యువులు దాత ఇచ్చినవే ఉన్నాయి. లేనిది వేగస్ పట్టు. అందుకే కూర్చుని ఉన్నా అది నిమిషానికి 90 నుంచి 110 సార్లు కొట్టుకుంటుంది. వేగస్‌ను అడ్డుకుని నాడి పెంచే అట్రోపిన్ మందు దాని మీద పనిచేయదు, అడ్డుకోవడానికి అక్కడ వేగస్ లేదు కదా. ఆ మనిషి మెట్లెక్కడం మొదలుపెడితే కాళ్లకు తెలుస్తుంది, ఊపిరికి తెలుస్తుంది, గుండెకు మాత్రం వెంటనే తెలియదు. మొదటి అంతస్తు చేరి పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాక, నెత్తుట్లో కలిసి ప్రయాణం చేసిన అడ్రినలిన్ అప్పటికి అక్కడికి చేరుతుంది. అప్పుడు వేగం పుంజుకుంటుంది. ఇంట్లోకి వెళ్లి కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగాక కూడా కాసేపటిదాకా గుండె మెట్లెక్కుతూనే ఉంటుంది.

ఏళ్లు గడిచేకొద్దీ కొందరిలో కుట్ల అంచుల నుంచి సన్నటి నరాల పోగులు మళ్లీ లోపలికి పాకుతాయి. అన్నీ రావు, అన్నిచోట్లా రావు. వచ్చినవాళ్లు ఒకరోజు గమనిస్తారు, మూడో మెట్టు మీదే గుండె కదిలిందని.